పాత ప్రాసెసర్లు, విండోస్ 11: ఒక సిస్టమ్‌కు అర్హత లేదంటోంది, మరొకటి అసలు బూటే కావడం లేదు

శుభలేఖల డీటీపీ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఒక చిన్న పట్టణంలో డీటీపీ సెంటరు నడుపుతున్నాను. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, పాఠశాలల ప్రశ్నపత్రాలు మా ప్రధానమైన పని. దుకాణంలో రెండు సిస్టమ్‌లు ఉన్నాయి. మొదటిది 2017లో అసెంబుల్ చేయించినది. ఇంటెల్ కోర్ ఐ5 7500 ప్రాసెసర్, బీ250 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. రెండవది అంతకన్నా చాలా పాతది. కోర్ 2 డ్యుయో ఈ7500, 4 జీబీ ర్యామ్. దానిని స్కానింగుకూ, పాత ఫైళ్ళు తీసి ఇవ్వడానికీ వాడుతున్నాము.

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక విండోస్ 11కు మారదామని చూశాను. మొదటి సిస్టమ్‌లో మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే అర్హత పరీక్ష ప్రోగ్రామ్ నడిపితే టీపీఎమ్ 2.0 అనే భద్రతా భాగం లేదనీ, ప్రాసెసర్‌కు మద్దతు లేదనీ రెండు ఎర్ర గుర్తులు చూపింది. రెండవ సిస్టమ్‌లో తెలిసిన కుర్రవాడొకడు పెన్‌డ్రైవ్ తెచ్చి విండోస్ 11 వేయబోయాడు; నీలిరంగు లోగో కనిపించిన కొన్ని క్షణాలకే సిస్టమ్ మళ్ళీ మొదటికి వచ్చి రీస్టార్ట్ అవుతోంది, ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే తంతు.

నాకు అంతుపట్టని విషయం ఏమిటంటే, మా అమ్మాయి చదువు కోసం కొన్న లాప్‌టాప్‌లో సెలెరాన్ ఎన్4000 ప్రాసెసర్ ఉంది. రెండే కోర్లు, 4 జీబీ ర్యామ్. ఆన్ చేసి టీ తాగి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది. దానికి మాత్రం విండోస్ 11 అప్‌డేట్ తనంతట తానే వచ్చింది. నాలుగు కోర్ల ఐ5 పనికిరాక, ఇది ఎలా పనికివచ్చిందో తెలిసినవారు చెప్పగలరు. హార్డ్‌వేర్ అమ్మే దుకాణంలో అడిగితే, ఎనిమిదో తరం ప్రాసెసర్‌కు కూడా సాకెట్ 1151 కనుక ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే చాలునన్నారు. అది నిజమేనా? రోజుకు పది మంది పెన్‌డ్రైవ్‌లు మా సిస్టమ్‌లో పెడతారు కనుక భద్రతా అప్‌డేట్లు లేకుండా నడపడానికి ధైర్యం చాలడం లేదు.

సోల్డరింగ్ బల్ల సమాధానం:

ముందుగా ఆ ప్రాసెసర్ కొనడం ఆపండి, మిగిలినవి తరువాత మాట్లాడుకుందాము. ఆరు, ఏడు తరాలకూ ఎనిమిది, తొమ్మిది తరాలకూ సాకెట్ పేరు 1151 అన్నది నిజమే, ప్రాసెసర్ గుంటలో సరిగ్గా కూర్చుంటుంది కూడా. కానీ ఎనిమిదో తరం కాఫీ లేక్ ప్రాసెసర్ల కోసం ఇంటెల్ సంస్థ విద్యుత్ సరఫరా పిన్నుల అమరికను మార్చి, వాటికి 300 శ్రేణి చిప్‌సెట్ (బోర్డు మీది భాగాలను కలిపి నడిపే చిప్) ఉన్న బోర్డునే తప్పనిసరి చేసింది. మీ బీ250 బోర్డు 200 శ్రేణికి చెందినది. దానిలో ఎనిమిదో తరం ప్రాసెసర్ పెడితే తెర మీద ఏమీ రాదు. అలా కొని తెచ్చుకుని, తిరిగి తీసుకోని దుకాణం ముందు నిలబడి వాదించినవారిని నా బల్ల దగ్గర చాలామందినే చూశాను.

ఇక మీకు కనిపించిన రెండు ఎర్ర గుర్తులలో ఒకటి చాలావరకు ఉత్తదే. టీపీఎమ్ అంటే తాళపుచెవులను భద్రంగా దాచే భాగం; దానికోసం విడిగా చిప్ కొననక్కరలేదు. మీ తరం ఇంటెల్ ప్లాట్‌ఫామ్‌లోనే పీటీటీ అనే పేరుతో అది ఉంటుంది, ఏఎమ్‌డీ బోర్డులలో దానినే ఎఫ్‌టీపీఎమ్ అంటారు. అసెంబుల్డ్ సిస్టమ్‌లలో బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే మదర్‌బోర్డు అమరికలలో, అది ఆఫ్ చేసి ఉండడం సర్వసాధారణం. బయోస్‌లోకి వెళ్ళి పీటీటీని ఆన్ చేసి, విండోస్‌లో టీపీఎమ్ డాట్ ఎంఎస్‌సీ అని టైపు చేస్తే తెరుచుకునే కిటికీలో స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని కనిపించాలి.

విండోస్ 11 అడిగే సెక్యూర్ బూట్ దగ్గర, అంటే సంతకం సరిచూసిన కోడ్‌తోనే సిస్టమ్‌ను మొదలుకానిచ్చే ఏర్పాటు దగ్గర, మాత్రం తొందరపడవద్దు. 2017లో చాలామంది అసెంబ్లర్లు అలవాటుకొద్దీ పాత పద్ధతిలో, అంటే డిస్క్‌ను ఎంబీఆర్‌గా విభజించి విండోస్ వేసేవారు. ఆ డిస్క్‌ను అలాగే ఉంచి, సెక్యూర్ బూట్ కోసమని బయోస్‌లో పాత పద్ధతి బూట్‌ను అనుమతించే సీఎస్‌ఎమ్‌ను ఆఫ్ చేస్తే సిస్టమ్‌కు బూట్ అయ్యే డిస్క్ కనిపించదు. ముందు శుభలేఖల ఫైళ్ళన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. తరువాత విండోస్ 10లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే, డిస్క్‌ను కొత్త జీపీటీ పద్ధతికి మార్చే పనిముట్టును తొలుత వ్యాలిడేట్ (సరిచూసే) ఐచ్ఛికంతో నడిపి, అభ్యంతరం చెప్పకపోతేనే కన్వర్ట్ చేసి, ఆ తరువాత బయోస్‌ను కొత్త బూట్ పద్ధతి అయిన యూఈఎఫ్‌ఐకి మార్చండి. ఈ వరుస తప్పకూడదు.

కెర్నెల్ చదువరి సమాధానం:

సెలెరాన్‌కు ఉన్న అర్హత ఐ5కు ఎందుకు లేదన్న ప్రశ్న న్యాయమైనది. ఇక్కడ కొలబద్ద వేగం కాదన్నది మొదట గ్రహించాలి. వేగం విషయంలో విండోస్ 11 అడిగేది 1 గిగాహెర్ట్జ్, రెండు కోర్లు, 64 బిట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ మాత్రమే. వాటికి తోడు మైక్రోసాఫ్ట్ ఒక ప్రాసెసర్ల జాబితాను ప్రకటించి, అందులో పేరున్నవాటికే మద్దతు అంది. ఆ జాబితా ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరంతో, ఏఎమ్‌డీలో రైజెన్ 2000 శ్రేణితో మొదలవుతుంది. మీ అమ్మాయి సెలెరాన్ పేరు ఆ జాబితాలో ఉంది, మీ ఐ5 పేరు లేదు.

జాబితా వెనుక చెప్పిన కారణం భద్రత. కెర్నెల్‌లోకి, అంటే విండోస్‌కు గుండెకాయ లాంటి భాగంలోకి, దొంగ కోడ్ చొరబడకుండా, వర్చువలైజేషన్ (ఒకే యంత్రంలో విడి యంత్రాలున్నట్టు వేరుచేసే పద్ధతి) సాయంతో ఒక కంచె వేసి, సంతకం సరిచూసిన కోడ్‌ను మాత్రమే నడవనిచ్చే ఏర్పాటును మెమరీ ఇంటెగ్రిటీ అంటారు. ఒక మెమరీ పేజీలోని కోడ్‌ను యూజర్ స్థాయిలో నడవనివ్వాలా, కెర్నెల్ స్థాయిలో నడవనివ్వాలా అన్నది ప్రాసెసరే విడివిడిగా తేల్చగలిగితే ఈ కాపలా తేలికగా సాగిపోతుంది. లేకపోతే ఆ పనిని సాఫ్ట్‌వేర్ అనుకరించవలసి వచ్చి సిస్టమ్ నెమ్మదిస్తుంది. ఇంటెల్‌లో ఈ సదుపాయం పేరు ఎంబీఈసీ.

తర్కం బాగానే ఉంది, కానీ లెక్క సరిపోదు. ఎంబీఈసీ వచ్చినది ఏడో తరం కేబీ లేక్‌లో, అంటే మీ ఐ5 7500లో అది ఉంది. మరోవైపు ఏఎమ్‌డీలో దానికి సమానమైన సదుపాయం జెన్ 2 తరం ప్రాసెసర్లతో వచ్చింది. జాబితాలో చోటు దొరికిన రైజెన్ 2000 ప్రాసెసర్లు అంతకు ముందు తరానివి. ఉన్నదానిని కాదని, లేనిదానిని ఔనన్న జాబితా ఇది. ఇంకొక చిత్రం చెబుతాను. 2021 ఆగస్టులో, విమర్శలు వచ్చిన తరువాత, మైక్రోసాఫ్ట్ ఏడో తరాన్ని మళ్ళీ పరిశీలించి కోర్ ఎక్స్ శ్రేణిని, జియాన్ డబ్ల్యూ శ్రేణిని, లాప్‌టాప్‌లలో కోర్ ఐ7 7820హెచ్‌క్యూ అనే ఒకే ఒక ప్రాసెసర్‌ను, అదీ ఆధునిక డ్రైవర్లతో వచ్చిన యంత్రాలలో మాత్రమే, చేర్చింది. ఆ ఐ7 ఉన్న యంత్రాలలో మైక్రోసాఫ్ట్ సొంత సర్ఫేస్ స్టూడియో 2 ఒకటి! ఇందులో తమ ఇంటి బిడ్డకు వేసిన పెద్దపీట కనిపిస్తోందని నేను అంటే తప్పు పట్టవద్దు.

వారి వైపు వాదన కూడా చెప్పాలి కదా. అర్హత లేని యంత్రాలలో కెర్నెల్ స్థాయి క్రాష్‌లు 52 శాతం ఎక్కువగా కనిపించాయని, అర్హత ఉన్నవాటిలో 99.8 శాతం అనుభవం క్రాష్ లేకుండా సాగిందని అప్పట్లోనే ప్రకటించారు. ఆ 52 శాతం ఎంత మీద ఎక్కువో చెప్పకపోవడం వల్ల, అది పెద్ద తేడానో చిన్న తేడానో చదివేవారు తేల్చుకోలేరు.

పెంటియం జ్ఞాపకాలు సమాధానం:

కోర్ 2 డ్యుయో సంగతి నేను చెబుతాను, ఎందుకంటే అది పూర్తిగా వేరే జబ్బు. మీ ఐ5ను ఆపుతున్నది ఒక జాబితా. ఇన్‌స్టాలర్ పేరు చూసి కాదంటోంది, ప్రాసెసర్‌కు ఆ విండోస్‌ను నడిపే శక్తి ఉంది. ఈ7500 విషయంలో అడ్డు జాబితాలో కాదు, సిలికాన్‌లోనే ఉంది.

2024 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి, ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్ అనే ఆదేశాలు (ప్రాసెసర్ నేరుగా చేయగల పనులు) తప్పనిసరి అయ్యాయి. పాప్‌కౌంట్ చేసే పని వింటే నవ్వు వస్తుంది. ఒక సంఖ్యను సున్నా, ఒకటి అనే రెండు అంకెలతోనే రాస్తే అందులో ఒకట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడమే దాని పని. 13ను 1101 అని రాస్తాము కనుక జవాబు 3. పాత ప్రాసెసర్‌లో ఈ లెక్కకు పది పన్నెండు ఆదేశాలు పట్టేవి, కొత్తవాటిలో ఒక్క ఆదేశంతో తేలిపోతుంది. కెర్నెల్‌ను ఆ ఆదేశం ఉందన్న నమ్మకంతో కంపైల్ చేశాక, అంటే యంత్రభాషలోకి మార్చాక, అది లేని ప్రాసెసర్ దాని దగ్గరకు వచ్చేసరికి అర్థం కాని మాట విన్నట్టు ఆగిపోతుంది. లోగో వచ్చిన క్షణాలలోనే మీ సిస్టమ్ రీస్టార్ట్ కావడం అందువల్లనే. ఏ దొడ్డిదారిన ఇన్‌స్టాల్ చేసినా, ఏ రిజిస్ట్రీ (విండోస్ తన అమరికలు దాచుకునే పట్టిక) విలువ మార్చినా లేని ఆదేశం పుట్టుకురాదు.

కోర్ 2 డ్యుయోలలో ఈ7500 లాంటి 45 నానోమీటర్ల రకానికి ఎస్‌ఎస్‌ఈ 4.1 వరకు ఉంది. 4.2, పాప్‌కౌంట్ రెండూ ఇంటెల్‌లో 2008 చివరలో మొదటి తరం కోర్ ఐ7తో వచ్చాయి. మీకు సందేహం ఉంటే సీపీయూ జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ తెరిచి, ఇన్‌స్ట్రక్షన్స్ అనే వరుసలో ఎస్‌ఎస్‌ఈ 4.2 ఉందో లేదో చూసుకోండి. మీ ఐ5లో అది కనిపిస్తుంది, దీనిలో కనిపించదు.

ఇది కొత్తగా పుట్టిన కథ కాదు. విండోస్ 8 వచ్చినప్పుడు పీఏఈ, ఎన్‌ఎక్స్, ఎస్‌ఎస్‌ఈ2 అనే సదుపాయాలు లేని ప్రాసెసర్లను పక్కన పెట్టారు. 64 బిట్ విండోస్ 8.1 మరికొన్ని ఆదేశాలు అడిగింది. 2018లో విండోస్ 7కు వచ్చిన ఒక నెలవారీ అప్‌డేట్ ఎస్‌ఎస్‌ఈ2 లేని యంత్రాలను కుప్పకూల్చింది. మొదట పరిష్కారం కోసం పనిచేస్తున్నామన్నవారు, కొన్ని నెలల తరువాత ఆ వాక్యం తీసేసి, ఎస్‌ఎస్‌ఈ2 ఉన్న యంత్రానికి మారండి అని రాశారు. నా పెంటియం 3 అప్పటికి పందొమ్మిదేళ్ళ ముసలిది కనుక పెద్దగా బాధపడలేదు కానీ, మద్దతు గడువు ఇంకా మిగిలి ఉన్న విండోస్‌లో అలా చేయడం మాత్రం నాకు నచ్చలేదు.

శుభలేఖల డీటీపీ సమాధానం:

ఇంత వివరంగా రాసిన మీ ముగ్గురికీ ధన్యవాదాలు. సోల్డరింగ్ బల్ల గారు వరుస తప్పవద్దని చెప్పినా, నేను ఆ సందేశం చదవకముందే ఆత్రం కొద్దీ సీఎస్‌ఎమ్ ఆఫ్ చేసి కూర్చున్నాను. నల్లటి తెర మీద బూట్ డివైస్ లేదని తెల్లటి అక్షరాలు రాగానే, రేపు ఉదయం ఇవ్వవలసిన రెండు శుభలేఖలు కళ్ళ ముందు మెదిలాయి. మళ్ళీ బయోస్‌లోకి వెళ్ళి పాత అమరికకు మార్చాక విండోస్ తెరుచుకుంది. ఆ తరువాత ఫైళ్ళు కాపీ చేసుకుని, మీరు చెప్పిన క్రమంలోనే ఎంబీఆర్2జీపీటీ నడిపాను. ఇప్పుడు టీపీఎమ్, సెక్యూర్ బూట్ రెండూ ఆకుపచ్చగా ఉన్నాయి, ప్రాసెసర్ ఒక్కటే ఎర్రగా మిగిలింది.

ఇప్పుడు నా ముందున్న ప్రశ్న, దొడ్డిదారిన ఐ5లో విండోస్ 11 వేయించుకోవాలా, లేక విండోస్ 10తోనే కొన్నాళ్ళు నెట్టుకురావాలా అన్నది. మా పని అంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, అను తెలుగు ఫాంట్ల మీద నడుస్తుందని కూడా దయచేసి గుర్తుంచుకోండి.

సోల్డరింగ్ బల్ల సమాధానం:

దొడ్డిదారి గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేసేటప్పుడే టీపీఎమ్, సెక్యూర్ బూట్, ర్యామ్ పరీక్షలను తీసివేసే ఐచ్ఛికం ఉంటుంది. మీ టీపీఎమ్ ఇప్పుడు సరిగానే ఉంది కనుక రిజిస్ట్రీలో ఒక విలువ పెట్టి, ఉన్న విండోస్ 10 మీదనే అప్‌గ్రేడ్ చేసుకోవడమూ సాధ్యమే. ఆ విలువను ఒకప్పుడు మైక్రోసాఫ్టే తన సహాయ పేజీలో చెప్పి, తరువాత తీసివేసింది. ఏడో తరం ఐ5లలో ఇలా వేసినవి నా చేతుల మీదుగా కొన్ని వెళ్ళాయి, హాయిగా నడుస్తున్నాయి.

అయితే రెండు ఇబ్బందులు ఉన్నాయి. నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఇప్పటివరకు అలాంటి సిస్టమ్‌లకు కూడా వస్తున్నా, వాటికి మీకు హక్కు లేదని మైక్రోసాఫ్ట్ ముందే రాసి పెట్టింది. ఏడాదికొకసారి వచ్చే పెద్ద వెర్షన్ మాత్రం తనంతట తాను రాదు. ప్రతిసారీ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ నకలు) ఫైలు దింపుకుని చేత్తో వేయాలి. హోమ్, ప్రో రకాలలో ఒక్కొక్క వెర్షన్‌కు రెండేళ్ళే ఆయువు కనుక, ఇది మరచిపోతే మళ్ళీ మొదటికే వస్తారు. ఇంట్లో వాడే సిస్టమ్ అయితే నేను వెనుకాడకుండా వేసేవాడిని. అన్నం పెట్టే సిస్టమ్‌కు మాత్రం తొందరలేదంటాను.

దానికి బదులు విండోస్ 10కే పొడిగింపు అప్‌డేట్లు తీసుకోండి. సిస్టమ్‌లో 22హెచ్2 వెర్షన్ ఉండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయితే, సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకునే లింకు కనిపిస్తుంది. సెట్టింగులను క్లౌడ్‌లోకి బ్యాకప్ చేయడానికి ఒప్పుకుంటే ఉచితం. ఒప్పుకోనివారు 1000 రివార్డ్ పాయింట్లతో గానీ, 30 డాలర్లు కట్టి గానీ తీసుకోవచ్చు. 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. కొత్త సదుపాయాలేవీ రావు, మీకు వాటితో పని కూడా లేదు. బజారులో ఎక్కువ ఏళ్ళు మద్దతు ఉండే ఎల్‌టీఎస్‌సీ రకం అని చెప్పి నూరు రూపాయలకు కీలు అమ్మేవారి జోలికి మాత్రం వెళ్ళవద్దు. ఆ రకం విండోస్ సంస్థలకు అమ్మేది, చిల్లరగా దొరికేది కాదు.

ఉబుంటు అరుగు సమాధానం:

కోర్ 2 డ్యుయోను పారేయవద్దు. దానిలో విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ 22ను, అందులోనూ తేలికపాటి ఎక్స్‌ఎఫ్‌సీఈ రకాన్ని, వేసి చూడండి. ఉబుంటు 24.04 అనే మరో లినక్స్ ఆధారంగా తయారైన ఈ వెర్షన్‌కు 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి, 4 జీబీ ర్యామ్‌తో నెట్టుకురాగలదు, పాప్‌కౌంట్ అడగదు.

లినక్స్‌లో గీతలే లేవని మాత్రం అనను. 2022లో వచ్చిన, సంస్థలు వాడే రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9, ప్రాసెసర్లలో వీ2 అనే స్థాయిని అడుగుతుంది. ఆ స్థాయిలో ఉన్నవి ప్రధానంగా పైన చెప్పుకున్న ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్లే కనుక మీ ఈ7500 అక్కడా బయటే నిలబడుతుంది. 2025లో వచ్చిన 10వ వెర్షన్ ఏవీఎక్స్2 అనే ఆదేశాలు ఉన్న వీ3 స్థాయిని అడుగుతుంది, ఐ5 7500 దానిని కూడా దాటుతుంది. గీత ఎక్కడ గీశారో, ఏ ఆదేశాల కోసం గీశారో బయటికి చెప్పడం వల్ల ఇక్కడ తగాదా తక్కువ. పేర్ల జాబితా పెట్టినచోటే అనుమానాలు పుడతాయి.

అను ఫాంట్ల పనిని మాత్రం లినక్స్‌కు మార్చమని నేను చెప్పను. అవి యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని సిస్టమ్‌లలో ఒకే సంఖ్య ఉండే పద్ధతి) ఫాంట్లు కావు. ఒక్కొక్క తలకట్టుకూ, గుడికీ, ఒత్తుకూ ఒక్కొక్క రోమన్ అక్షరం స్థానాన్ని కేటాయించినవి. ఆ ఫాంట్ లేనిచోట మీ శుభలేఖలో వధూవరుల పేర్లు పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి. ఇరవై ఏళ్ళ ఫైళ్ళు అలా ఉన్నప్పుడు విండోస్ ఒకటి ఉండక తప్పదు. విండోస్ 11లో 32 బిట్ రకం లేదు కానీ, 32 బిట్ ప్రోగ్రాములను అది నడుపుతుంది. నడవనివి 16 బిట్ ప్రోగ్రాములు; కొన్ని పాత సాఫ్ట్‌వేర్లలో ప్రోగ్రామ్ 32 బిట్ అయినా ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది అయి చిక్కు తెస్తుంది. అందుకని కొత్త సిస్టమ్ కొనే రోజున, ముందు మీ పేజ్‌మేకర్, అను ఫాంట్లతో టైపు చేయించే అను స్క్రిప్ట్ రెండూ అందులో వేయించి, ఒక పాత శుభలేఖ తెరిచి, ప్రింట్ తీసి చూసుకున్నాకే డబ్బు కట్టండి.

శుభలేఖల డీటీపీ సమాధానం:

ఐ5ను పొడిగింపు అప్‌డేట్లలో నమోదు చేశాను. సెట్టింగుల బ్యాకప్‌కు ఒప్పుకోవడంతో రూపాయి ఖర్చు లేకుండా ఐదు నిమిషాలలో పని అయిపోయింది. ఎనిమిదో తరం ప్రాసెసర్ కోసం పక్కన పెట్టిన డబ్బులో కొంతతో అమ్మాయి లాప్‌టాప్‌లోని హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించాను. టీ తాగి వచ్చే అవసరం ఇప్పుడు లేదు. మిగిలినది వచ్చే అక్టోబరులోగా కొనబోయే కొత్త సిస్టమ్ కోసం ఉంచాను.

కోర్ 2 డ్యుయోలో మింట్‌ను ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి తెరిచి చూశాను. స్కానర్‌ను అదే గుర్తించి, ఒక పాత జాతకచక్రాన్ని చక్కగా స్కాన్ చేసి ఇచ్చింది. ఆదివారం దుకాణం మూసి ఉన్నప్పుడు డిస్క్‌లోకి ఎక్కిస్తాను. ఉబుంటు అరుగు గారూ, ఆ సిస్టమ్‌లోని పాత ఫైళ్ళను దుకాణంలోని నెట్‌వర్క్ ద్వారా ఐ5 నుంచి తెరవాలంటే మింట్‌లో ఏమి అమర్చాలో వీలు చూసుకుని చెప్పండి.